అడుగున కాంగ్షీ ముద్ర ఉన్న జాడీ కొన్నాను, మోసపోయానా?

జాడీవాలా

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుకుని వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు రాయక తప్పడం లేదు. పోయిన వారం పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర చైనా నీలం తెలుపు పింగాణీ జాడీ ఒకటి కొన్నాను. అల్లం జాడీ అంటారు కదా, పొట్ట గుండ్రంగా, మెడ పొట్టిగా ఉండేది, అది. ఎత్తు 21 సెంటీమీటర్లు. నేలంతా నీలం, దాని మీద పగిలిన మంచుగడ్డలో కనిపించేలాంటి ముదురు గీతలు, వాటి మీదుగా తెల్లటి ప్లమ్ పూల కొమ్మలు, కొన్ని పైకి, కొన్ని కిందికి. మూత చెక్కది, తర్వాత ఎవరో చేయించారని చూడగానే తెలిసిపోతోంది.

అసలు సంగతి అడుగున ఉంది. రెండు నీలి వలయాలు, మధ్యలో నాలుగు అక్షరాలు. ఫోన్‌లో యాప్‌కి చూపిస్తే 'కాంగ్షీ నియాన్ జి' అని చదివింది, అంటే కాంగ్షీ చక్రవర్తి కాలంలో చేసినది అని. ఆ కాలం 1662 నుంచి 1722 దాకా అని చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. అమ్మినాయన కూడా 'మూడొందల ఏళ్లది, నేను చెప్పడం ఎందుకు, దాని మీదే రాసి ఉంది కదా' అన్నాడు. నెల జీతంలో సగం పెట్టాను. ఇంట్లో అసలు అంకె ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. నెట్‌లో వెతికితే అచ్చం ఇలాంటివే, అవే నాలుగు అక్షరాలతో, వందల కొద్దీ కనిపిస్తున్నాయి. అన్నీ మూడొందల ఏళ్లవేనా? ఇది అసలుదా, నకిలీదా, ఎలా తెలుసుకోవాలి? ఇంకో మాట, మెడ దగ్గర చిన్న వెంట్రుక పగులు ఉంది, అందులో మురికి పట్టి గోధుమ రంగు గీతలా కనిపిస్తోంది, దాన్ని కడగొచ్చా?


చిల్లపెంకు

ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. ఫోటోలు చూడకుండా చెప్పకూడదు గానీ మీరు రాసింది చదివితేనే సగం తెలిసిపోయింది కాబట్టి చెప్పేస్తున్నా. మీ జాడీ పాతదే అయ్యుండొచ్చు, కానీ కాంగ్షీ కాలానిది మాత్రం కాదు. 19వ శతాబ్దం చివరిది, గ్వాంగ్షూ చక్రవర్తి కాలం (1875-1908) అనుకోండి.

కాంగ్షీ నాటి రాజ బట్టీల సరుకు మీద మామూలుగా ఆరు అక్షరాలు ఉంటాయి, 'ద చింగ్ కాంగ్షీ నియాన్ జి' అని, రాజవంశం పేరుతో కలిపి. నాలుగక్షరాల కాంగ్షీ ముద్ర, అందులోనూ పగిలిన మంచు మీద ప్లమ్ పూల జాడీ అంటే, తెలిసినవాళ్లు తిప్పి చూసి ఒక నవ్వు నవ్వి కింద పెట్టేస్తారు. మీకు నెట్‌లో వందలు కనిపించడానికి కారణం అదే, నిజంగానే లెక్కలేనన్ని చేశారు.

విచిత్రం ఏమిటంటే నిజమైన కాంగ్షీ కాలపు ప్లమ్ జాడీల్లో చాలావాటి మీద ఆ పేరే ఉండదు. 1677లో చైనా పింగాణీ బట్టీల ఊరు జింగ్‌దెజెన్‌లో ఉన్న అధికారి చక్రవర్తి పేరు పింగాణీ మీద రాయొద్దని ఆజ్ఞ వేశాడు, గిన్నె పగిలి చెత్తలో పడితే ఆ పేరు కూడా చెత్తలో పడినట్టే కదా అని. పనివాళ్లు ఏం చేశారు? రెండు వలయాలు గీసి మధ్యలో ఖాళీగా వదిలేశారు, లేదంటే ఒక ఆకు బొమ్మ వేశారు, లేదంటే అంతకు రెండొందల ఏళ్ల కిందటి, చింగ్‌కి ముందరి మింగ్ వంశపు చక్రవర్తి చెంగ్హువా పేరు రాసి పెట్టారు. అంటే కాంగ్షీ నాటి దాని మీద చెంగ్హువా పేరు, గ్వాంగ్షూ నాటి దాని మీద కాంగ్షీ పేరు. ఎప్పుడూ తాతల పేరు చెప్పుకోవడమే గానీ సొంత పేరు చెప్పుకునే అలవాటు తక్కువ.

దీన్ని పూర్తిగా మోసం అనలేం. పాత కాలం పనితనం మీద గౌరవంతో రాసినవీ ఉన్నాయి, కొనేవాడికి నచ్చుతుందని రాసినవీ ఉన్నాయి, రెండూ కలిసిపోయినవే ఎక్కువ. మీ జాడీ కథ అయితే ఇలా ఉంటుంది. 1855లో తైపింగ్ తిరుగుబాటుదారులు జింగ్‌దెజెన్ బట్టీలను ధ్వంసం చేశారు, మళ్లీ పని గాడిలో పడటానికి పదేళ్లకు పైగా పట్టింది. సరిగ్గా అప్పుడే లండన్‌లో నీలం తెలుపు పింగాణీ పిచ్చి ముదిరింది. విస్లర్, రోసెట్టి లాంటి చిత్రకారులు పోటీలు పడి కొనేవారు, ఈ ప్లమ్ జాడీలనైతే పువ్వు పేరు కూడా సరిగ్గా తెలియక 'హాథార్న్ జాడీలు' అనేవారు. అక్కడ కాంగ్షీ నాటి మంచి జాడీ ఒకటి దొరికితే ఇల్లు గుల్ల చేసుకోవడానికైనా సిద్ధం. ఇటు చైనాలో బట్టీలు మళ్లీ వెలిగాయి, పని కావాలి. మరి చేయరా? చేశారు, ఓడల నిండా చేశారు.

ఇప్పుడు మీరు మూడు ఫోటోలు పెట్టండి. అడుగు మొత్తం, అడుగు అంచు దగ్గరగా, జాడీ లోపలి గోడ టార్చి వేసి. ముద్ర ఫోటో మాత్రం వద్దు. నేను అన్నిటికంటే చివర చూసేది అదే.


జాడీవాలా

ఫోటోలు ఎక్కించబోతే ఏదో తప్పు వస్తోంది సార్, రాత్రికి మళ్లీ ప్రయత్నిస్తా. ఈలోపు చూసింది రాస్తాను. అడుగు అంచుకి గ్లేజు (గాజులాంటి పై పూత) లేదు, ఒట్టి మట్టి కనిపిస్తోంది, తెలుపు కాదు, కొంచెం బూడిద రంగు కలిసిన తెలుపు, వేలితో రాస్తే సుద్దముక్కలా గరుకుగా ఉంది, చిన్న చిన్న నల్ల చుక్కలు, సూదితో పొడిచినట్టు రంధ్రాలు కూడా. గ్లేజు ఆగిపోయిన చోట సన్నగా నారింజ గోధుమ రంగు గీత. లోపల చెయ్యి పెడితే సరిగ్గా పొట్ట మధ్యలో చుట్టూ ఒక మిట్ట తగులుతోంది, అతుకు పెట్టినట్టు. అది పగిలితే అతికించారా అని గుండె జారింది.


సారె

మిట్ట తగిలితే సంతోషించండి అన్నా, భయపడతారేంటి! నేను పన్నెండేళ్లుగా సారె మీద పని చేస్తున్నాను, పింగాణీ మట్టితోనే. ఆ అతుకు పగిలితే పెట్టింది కాదు, పుట్టుకతో వచ్చింది.

కుమ్మరి సారె మీద మామూలు మట్టి లేచినట్టు పింగాణీ మట్టి లేవదు. జిగట తక్కువ, కాస్త ఎక్కువ లాగితే కూలబడిపోతుంది. అందుకే జాడీలు, కూజాలు రెండు మూడు ముక్కలుగా చేసి, కాస్త ఆరాక, అదే మట్టిని నీళ్లలో పల్చగా కలిపి దానితో అతికిస్తారు. బయటివైపు చెక్కేసి నున్నగా చేస్తారు, లోపల ఎవరు చూస్తారులే అని వదిలేస్తారు. ఆ వదిలేసిందే మీ వేలికి తగిలింది. ఇప్పుడు వచ్చే చవక సరుకు చాలావరకు ప్లాస్టర్ అచ్చులో ద్రవంలాంటి మట్టి పోసి తీసేదే. దాని లోపల చెయ్యి పెడితే అడుగు నుంచి మెడ దాకా ఒకే మందం, బయట ఎక్కడ వంపు ఉంటే లోపలా అక్కడే వంపు. సారె మీద చేసినదానికి అడుగు బరువుగా, భుజం పల్చగా, ఒక పక్క ఒకలా ఇంకో పక్క ఇంకోలా ఉంటుంది. అయితే ఈ ఒక్క గుర్తుతోనే పాతదని తేల్చేయకండి, జింగ్‌దెజెన్‌లో ఇవాళ్టికీ చేత్తో లాగేవాళ్లు ఉన్నారు, నాకంటే వందరెట్లు బాగా లాగుతారు.

ఆ నారింజ గీత కూడా మంచి గుర్తే. మట్టిలో ఉన్న ఇనుము బట్టీలో గ్లేజు అంచు దగ్గర అలా రంగు తిరుగుతుంది. దాన్ని గోధుమ రంగు పూసి నకిలీ కూడా చేస్తారు. పూసింది ఒకే మందంగా, గీత గీసినట్టు ఉంటుంది. అసలుది ఒకచోట ఉంటుంది, ఒకచోట మాయమవుతుంది.

కొమ్మలు గీసిన తీరు భూతద్దంతో చూడండి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా. కోబాల్ట్ రంగు కుంచెకి ఎక్కినప్పుడు నీలంగా ఉండదు, బూడిద నలుపు, బురదలా ఉంటుంది. కాల్చని పచ్చి జాడీ మీద గీస్తారు, ఆ మట్టి బ్లాటింగ్ పేపర్‌లా క్షణంలో పీల్చేస్తుంది. చెరిపేది లేదు, దిద్దేది లేదు. కుంచె ఒక్క క్షణం ఆగితే అక్కడ చుక్క ముదురైపోతుంది. ఆ గీతల మీద గ్లేజు వేసి, దాదాపు 1300 డిగ్రీల దగ్గర ఒకేసారి కాలిస్తే అప్పుడు నీలం బయటికొస్తుంది. గీసినవాడు తన పని ఎలా వచ్చిందో చూసుకునేది బట్టీ తెరిచాకే. ఒక కప్పు తయారవ్వాలంటే 72 చేతులు మారాలని 1637 నాటి చైనా గ్రంథం ఒకటి చెబుతుంది, బొమ్మ గీత గీసేవాడు వేరు, రంగు నింపేవాడు వేరు. కాబట్టి నిజంగా చేత్తో గీసిందైతే ఎక్కడో ఒకచోట రంగు గీత దాటి బయటికి పోయి ఉంటుంది, ఒక పువ్వుకి ఐదు రేకులు, పక్కదానికి తొందరలో నాలుగే. అచ్చు కాగితం అంటించినదైతే బొమ్మ ఎక్కడో తనలో తాను కలవాలి, అక్కడ కొమ్మ సగంలో తెగిపోయి కనిపిస్తుంది.


చిల్లపెంకు

సారె గారు చెప్పింది బంగారం. నేను ఒక్కటి కలుపుతా. జాడీవాలా గారు రాసిన గరుకు అంచు, సూది రంధ్రాలు, బూడిద తెలుపు, ఇవన్నీ నేను అనుకున్న వైపే చెబుతున్నాయి. కాంగ్షీ కాలపు మట్టి బాగా వడపోసి, బాగా పిసికింది, అంచు మీద గోరు జార్చితే సబ్బు మీద జారినట్టు పోతుంది. గ్లేజు కూడా మట్టిని అంటిపెట్టుకుని పల్చగా, కాస్త నీలి ఛాయతో ఉంటుంది. నీలంలో అయితే తేడా దూరం నుంచే తెలుస్తుంది. కాంగ్షీ పనివాడు ఒకే నీలాన్ని నీళ్లతో నాలుగైదు ఛాయలుగా చేసి పొరలు పొరలుగా వేశాడు, మంచు కింద లోతు ఉన్నట్టు ఉంటుంది. గ్వాంగ్షూ నాటి జాడీలో నేల ఒకే మోస్తరుగా, కొన్నిసార్లు ఊదా రంగు వైపు తిరిగి, గీతలు లెక్కకి గీసినట్టు ఉంటాయి.

ఇవన్నీ చదివితే రావు లెండి. నాకు ఈ పేరు ఎందుకో చాలామంది అడుగుతారు. మొదటి మూడేళ్లు నేను పగిలిన ముక్కలే కొన్నాను, చిల్లపెంకులు. మింగ్ చివరి కాలపు గిన్నె అడుగు ముక్క ఒకటి నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. విరిగిన అంచులో మట్టి లోపల ఎలా ఉందో, గ్లేజు ఎంత మందమో, నీలం ఆ రెండిటి మధ్య ఎక్కడ కూర్చుందో అన్నీ కత్తిరించి చూపించినట్టు కనిపిస్తాయి. అంచున ఇసుక రేణువులు అతుక్కుని ఉన్నాయి, బట్టీలో గిన్నె అంటుకోకుండా కింద చల్లిన ఇసుక. కళ్లు మూసుకుని ఆ ముక్కని తడుముతూ ఉంటే కొన్నాళ్లకు వేళ్లే చెప్పడం మొదలుపెడతాయి. గిన్నె మొత్తం కొనే డబ్బులో వందో వంతుకి వస్తుంది, పైగా పెంకుకి నకిలీ చేసి ఎవడూ పెద్దగా సంపాదించలేడు. (చేసేవాళ్లు ఉన్నారు. అయినా తక్కువ.)


రెండోసారి_కాలదు

పెద్దలు మంచి మాటలు చెప్పారు, నేను చెడ్డ కథ చెప్తా, కొత్తవాళ్లకి పనికొస్తుంది.

ఆరేళ్ల కిందట నేను 'యువాన్ కాలపు' జాడీ కొన్నాను, అంటే మింగ్‌కి ముందరి రాజవంశం నాటిది. చేపలు, తామరలు, బ్రహ్మాండంగా ఉంది. ఎంతకి కొన్నానో చెప్పను, సిగ్గు. అమ్మినతను మామూలు మనిషి కాదు, ల్యాబ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు, థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష. అంటే మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో దానిలో పేరుకున్న వికిరణాన్ని బట్టి లెక్క కట్టే పద్ధతి. రిపోర్టు నిజమైనదే, ల్యాబూ నిజమైనదే, ఆరేడు వందల ఏళ్లు అని వచ్చింది. ఇంకేం కావాలి?

రెండేళ్ల తర్వాత తెలిసిన ఒకావిడ చూసి, గోరువెచ్చటి నీళ్లలో ఒక రాత్రి ఉంచమంది. పొద్దున చూస్తే అడుగుకి అంగుళం పైన చుట్టూ సన్నటి గీత లేచింది, జిగురు మెత్తబడి. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే ఆ గీత పక్కనంతా తెల్లగా మెరిసింది, పైన కొట్టిన స్ప్రే. అడుగు మాత్రమే పాతది. పాత పగిలిన జాడీ అడుగు తెచ్చి దాని మీద కొత్త ఒళ్లు అతికించారు. పరీక్షకి మట్టి గుండ ఎక్కడ నుంచి తీస్తారు? బొమ్మ పాడవకుండా అడుగు నుంచే. ల్యాబ్ వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకి చూపించిన ముక్క గురించి నిజమే చెప్పారు.

గ్లేజు మెరుపు తగ్గించడానికి యాసిడ్‌లో ముంచుతారు, మట్టిలో పాతిపెడతారు, ఇసుక కాగితంతో గీతలు పెడతారు. వాడి వాడి వచ్చిన గీతలు వేరు వేరు కాలాల్లో, వేరు వేరు దిక్కుల్లో పడతాయి, లోతులూ వేరు. ఒకేరోజు పెట్టినవి అన్నీ ఒకే వయసులో ఉంటాయి. యాసిడ్‌లో ముంచిన దానిని దీపం కింద వంచి చూస్తే మెరుపు చచ్చిపోయి, ముడుచుకున్న అరటాకు వెనక వైపులా ఉంటుంది. యువాన్, మింగ్ తొలినాటి నీలంలో నల్లటి చుక్కలు వస్తాయి కదా, ఇనుము ఎక్కువున్న దిగుమతి కోబాల్ట్ వల్ల, అసలు వాటిలో ఆ చుక్క గ్లేజులోకి కుంగి ఉంటుంది, వేలికి చిన్న గుంటలా తగులుతుంది. నా దాని మీద ఎవరో ఓపిగ్గా కుంచెతో చుక్కలు పెట్టారు. ఎంత ఓపిక అంటే సమాన దూరాల్లో!

యువాన్ అనే మాట వినగానే పారిపోండి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డేవిడ్ కూజాలు, ఏనుగు తల పిడులవి, వాటి మీద 1351 అని తేదీ రాసి ఉంది, గుడికి కానుక ఇస్తూ రాయించినది. ఆ తేదీ ఉంది కాబట్టే మిగతావన్నీ పోల్చుకోగలిగారు. 1929లో హాబ్సన్ అనే పరిశోధకుడు వాటి గురించి రాసినా, 1950లలో జాన్ పోప్ అనే ఇంకో పరిశోధకుడు ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ, ఇరాన్ అర్దబిల్ సేకరణల్లో అలాంటివి వెతికి పట్టుకునేదాకా 14వ శతాబ్దపు నీలం తెలుపు అంటే ఏమిటో సరిగ్గా ఎవరికీ తెలియదు. అంత అరుదైనది నాకు ఒక్క ఫోన్ కాల్‌తో దొరికిందని ఎలా నమ్మానో!


నీలిపిచ్చి

కానీ అదృష్టం అనేది కూడా ఉంటుంది కదా. 2020లో అమెరికా కనెక్టికట్‌లో ఎవరో ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన చిన్న గిన్నె 35 డాలర్లకి కొన్నాడు, అది మింగ్ చక్రవర్తి యోంగ్‌లె కాలపు తామర గిన్నె అని తేలి 2021లో న్యూయార్క్‌లో సదబీస్ వేలంలో 7,21,800 డాలర్లకి పోయింది. మనకీ తగలొచ్చు.


రెండోసారి_కాలదు

తగలొచ్చు. ఆ వార్త వచ్చాక అందరూ గిన్నెలే చూస్తున్నారు, అమ్మేవాళ్లకి కూడా ఆ వార్త తెలుసు. అతను కొన్నది 35 డాలర్లకి, నెల జీతంలో సగానికి కాదు.


ఓడమునక

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఒకటే, మునిగిపోయిన ఓడల్లో దొరికినవి కొనండి. కాలం గురించి గొడవే ఉండదు. టెక్ సింగ్ అనే చైనా ఓడ 1822లో మునిగింది, 1999లో వెలికితీసి 2000లో జర్మనీ స్టుట్‌గార్ట్‌లో వేలం వేశారు, మూడున్నర లక్షల వస్తువులు. డచ్ కంపెనీ ఓడ గెల్డర్‌మాల్సెన్ 1752లో మునిగింది, దాని సరుకు 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ అమ్మింది, నాన్‌కింగ్ కార్గో అని పేరు పెట్టి, లక్షన్నర దాకా. అంత ఎక్కువ ఉన్నాయి కాబట్టి మామూలు కప్పు, సాసరు అందుబాటులోనే ఉంటాయి. నా దగ్గర ఉన్న సాసరు మీద వేలంపాట స్టిక్కరు అలాగే ఉంది. ఆ ఓడలో అసలు విలువైన సరుకు టీ ఆకు, పింగాణీ కాదు. నీళ్లు తగిలినా పాడవదని పింగాణీ పెట్టెలు కింద అడుగున పేర్చి వాటి మీద టీ పెట్టెలు పెట్టారు. టీ అంతా పోయింది, కింద పెట్టిందే మిగిలింది. కాలం తెలిసిన సాసరు, దాని మీద విల్లో చెట్టు, వంతెన, దాని కథ కూడా చేతిలో ఉంది, ఇంకేం కావాలి?


చిల్లపెంకు

ఓడమునక గారూ, మీ మాట సగం ఒప్పుకుంటా. కాలం ఖాయం, నిజమే. కానీ రెండు సంగతులు. స్టిక్కరు ఒక సాసరు మీంచి ఇంకో సాసరు మీదికి నడిచి వెళ్లడం నేను కళ్లారా చూశాను, కాబట్టి స్టిక్కరుతో పాటు పాత బిల్లు, కేటలాగు నంబరు అడగండి. రెండోది, ఆ ఓడలని తీసినవాళ్లు సరుకు తీశారు గానీ ఓడని చదవలేదు. ఏ పెట్టె ఎక్కడ ఉంది, ఎవరి సామాను ఏది, అదంతా పోయింది. గెల్డర్‌మాల్సెన్ విషయంలో పురావస్తు శాస్త్రవేత్తలు అప్పట్లోనే గట్టిగా గొడవ చేశారు. నీటి అడుగు వారసత్వం మీద యునెస్కో ఒప్పందం 2001లో వచ్చింది. నా దగ్గరా వుంగ్ టావ్ ఓడ నుంచి తీసిన చిన్న గిన్నె ఒకటి ఉంది, 1992 వేలం నాటిది, కాబట్టి నేను మడి కట్టుకున్నానని అనడం లేదు. చూసినప్పుడల్లా కాస్త ముల్లులా గుచ్చుకుంటుంది, అంతే.


ఓడమునక

నేను కొనకపోయినా అవి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోవు కదా అండీ. ఎవరి అల్మారాలోనో ఉండేదే.


చిల్లపెంకు

పాతవాటికి ఆ మాట చెల్లుతుంది. కొత్తగా 'మొన్న సముద్రంలో దొరికింది' అని ఎవరైనా అమ్మితే చెల్లదు. అలాగే చైనా నుంచి నేరుగా పాతది తెప్పిస్తామనే వాళ్లకి కూడా దూరంగా ఉండండి, 1911కి ముందువి అక్కడి నుంచి బయటికి పంపడం నిషేధం. పంపించారంటే ఆ వస్తువు పాతది కాదు, లేదా ఆ పని చట్టబద్ధం కాదు. ఎప్పుడో బయటికి వచ్చిన వాటి మీద కొన్నిటికి అధికారుల ఎర్ర లక్క ముద్ర ఉంటుంది, దానికీ నకిలీలు ఉన్నాయనుకోండి.


తెల్లగ్లేజు

పగులు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. బ్లీచింగ్ పౌడరు, సున్నం, పీచు, ఏదీ దగ్గరికి రానివ్వొద్దు. క్లోరిన్ పగుల్లోకి దిగి ఉప్పుగా మారి తర్వాత గ్లేజుని లోపలి నుంచి లేపేస్తుంది. దూదిని పల్చటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపి పగులు మీద పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రెండు మూడు రోజులు ఓపిక పట్టండి, మురికి దూదిలోకి వస్తుంది. తర్వాత మంచి నీళ్లతో, కింద తువ్వాలు పరిచి. ముందు మాత్రం ఎక్కడైనా పాత మరమ్మతు ఉందేమో చూసుకోండి, పూసిన రంగు ఉంటే అది కూడా దూదితో వచ్చేస్తుంది. చేతికి ఉంగరాలు తీసేయండి. మెడ పట్టుకుని ఎత్తొద్దు, ఒక చెయ్యి అడుగున.

ఇంకో చిన్న ప్రశ్న, అడుగున ఎక్కడైనా ఇంగ్లీషులో 'చైనా' అని అచ్చు వేసి ఉందా? 1891 నుంచి అమెరికాకి వెళ్లే సరుకు మీద దేశం పేరు ఉండాలని నియమం పెట్టారు. ఉంటే ఆ తర్వాతది అని తేలిపోతుంది. లేకపోతే మాత్రం ఏమీ తేలదు, వేరే దేశాలకి వెళ్లినవి, కాగితం లేబులు ఊడిపోయినవి బోలెడు.


జాడీవాలా

ఇంగ్లీషు అక్షరాలు ఏమీ లేవు. మూడు రోజులు దూది పరిచాను, గీత దాదాపు పోయింది, ఇప్పుడు వెతికితే గానీ కనిపించడం లేదు. తెల్లగ్లేజు గారికి ధన్యవాదాలు.

భూతద్దం కొని నిన్న సాయంత్రమంతా జాడీ ముందు కూర్చున్నాను. సారె గారు చెప్పినట్టే, వెనక వైపు ఒక కొమ్మ దగ్గర నాలుగు రేకుల పువ్వు దొరికింది. దాని పక్కన నీలం గీత దాటి పువ్వులోకి కారింది, రంగు నింపినవాడు గీత అయ్యేదాకా ఆగలేదు కాబోలు. అడుగు దగ్గర గ్లేజులో ఒక వేలి ముద్ర కూడా ఉంది, ముంచేటప్పుడు పట్టుకున్న చోటు, అక్కడ గ్లేజు పల్చబడి మట్టి ఛాయ కనిపిస్తోంది. నా బొటనవేలు పెట్టి చూశాను, సరిపోలేదు, నాది పెద్దది.

అమ్మినాయనకి ఫోన్ చేశాను, గ్వాంగ్షూ కాలం అట కదా అంటే ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత 'పాతదే కదా సార్, నేనేమైనా కొత్తదన్నానా' అన్నాడు. వాపసు తీసుకోడట, కొంత తగ్గించి తిరిగి ఇస్తానన్నాడు. సగానికి సగం కాదు గానీ పర్వాలేదు. జాడీ ఉంచుకుంటున్నాను. ఇంట్లో అంకె కూడా చెప్పేశాను, ఊహించినంత గొడవ జరగలేదు, ఎందుకంటే 'మూడొందల ఏళ్లది కాదట' అని నేనే ముందు చెప్పేసరికి ఎదుటివాళ్లకి నవ్వే వచ్చింది.

చిల్లపెంకు గారూ, పెంకులు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకా, ఆ చెక్క మూత లోపలి వైపు ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి, ఇప్పుడే చూశాను, యాప్ చదవలేకపోతోంది.


చిల్లపెంకు

మ్యూజియంలు వదిలించుకునేవి, పాత సేకరణలు అమ్ముడుపోయేటప్పుడు లాట్లుగా వచ్చేవి చూడండి, ఏ బట్టీ కాలపుదో రాసి ఉన్నవి మాత్రమే. మింగ్ చివరి వాన్లీ కాలంతో మొదలుపెట్టండి, ఎగుమతి సరుకు కాబట్టి ముక్కలు బాగానే దొరుకుతాయి, తప్పులు కూడా చవగ్గా అవుతాయి.

మూత ఫోటో పెట్టండి. ఈసారి అక్షరాల ఫోటోయే కావాలి.